లక్ష్యమూ, లక్షణమూ, నడిసముద్రపు గాలిమరలూ



శీర్షికలోని మొదటి రెండు మాటలు చూచి వ్యాకరణ చర్చ అనుకొని వచ్చినవారూ, చివరి మాట చూచి విద్యుత్తు సంగతి అనుకొని వచ్చినవారూ కాస్త ఓపిక పట్టాలి. ఈ టపాలో రెండూ ఉన్నవి. ముప్పై ఏళ్లకు పైగా సంధులూ సమాసాలూ చెప్పుకొన్న తెలుగు పంతులుకు, ఇంగ్లండు తూర్పుతీరానికి 120 కిలోమీటర్ల దూరాన నీటిలో నిలబడి తిరిగే గాలిమరలతో పనేమిటని మీకు సందేహం కలగవచ్చు. నా దగ్గర చదువుకొన్న కుర్రవాడొకడు అటువంటి గాలిమరలకు కంప్యూటరులో నమూనాలు కట్టే ఉద్యోగంలో ఉన్నాడు. కాపురం స్కాట్లండులో. అతడేం చేస్తాడో వాళ్ల ఇంట్లోవారికి ఈనాటికీ బోధపడలేదు. సముద్రంలో గాలిమరలు నిలబెడతాడా అంటే, లేదు. చెడిపోతే బాగుచేస్తాడా అంటే, అదీ లేదు. నిలబెట్టకముందే అవి ఎలా నడుస్తాయో లెక్కకట్టి చూస్తాడు. "దానికి జీతమిస్తారా మాష్టారూ?" అని వాళ్ల పెదనాన్నగారు నన్ను నిలదీసి అడిగారు. ఇస్తారండీ అన్నాను. ఎందుకిస్తారో ఆ శిష్యుని చేతనే కొన్నేళ్లుగా విడతలు విడతలుగా చెప్పించుకొన్నాను. అర్థమైనంతలో ఇక్కడ రాస్తున్నాను.

వ్యాకరణం చదివినవారికి చెప్పనక్కరలేదు. తక్కినవారికోసం ఒక్క ముక్క. లోకంలోనూ కావ్యాలలోనూ కనిపించే ప్రయోగం లక్ష్యం. ఆ ప్రయోగాలను పరిశీలించి శాస్త్రకారుడు కట్టిన సూత్రం లక్షణం. లక్ష్యం ముందు, లక్షణం తరువాత. సూత్రం ఎంత నిర్దుష్టంగా కట్టినా దానికి లొంగని ప్రయోగం ఎక్కడో ఒకచోట తారసపడుతూనే ఉంటుంది. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరిస్తే, అందులో మిగిలిపోయినదానిని చెప్పడానికి బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లో ప్రౌఢవ్యాకరణం రాయవలసివచ్చింది. దానికి త్రిలింగ లక్షణ శేషమనే పేరు ఊరకే రాలేదు. సూరిగారు మహా గడుసువారు కనుక, సూత్రం ఎక్కడ జారిపోతుందో తమకు తెలిసినచోట్ల "బహుళము" అనే మాట వేసి ఒక తలుపు తెరిచి ఉంచారు.

మా శిష్యుని వృత్తిలో ఈ వరుస తలక్రిందులు. గాలిమరలు ఇంకా నీటిలో దిగలేదు. లక్ష్యం పుట్టనే లేదు. అయినా లక్షణం ముందే రాయాలి. ఆ లక్షణాన్ని నమ్ముకొని ఒక దేశం తన గ్రిడ్‌కు ఆ యంత్రాలను తగిలించుకొంటుంది.

గ్రిడ్ అనగానే ఇనుప స్తంభాలూ తీగలూ కళ్లకు కడతాయి. నిజానికి అది ఒక లయ. బ్రిటన్‌లోనైనా మనదేశంలోనైనా ఆ లయ సెకనుకు 50 ఆవర్తనాలు, అంటే 50 హెర్ట్జ్. ఏ క్షణాన ఎంత వాడుక ఉన్నదో ఆ క్షణాన అంత ఉత్పత్తి ఉండితీరాలి. ఉత్పత్తి తగ్గితే లయ మందగిస్తుంది, హెచ్చితే వేగిరపడుతుంది. బొగ్గు కేంద్రాలలోనూ జలవిద్యుత్ కేంద్రాలలోనూ తిరిగే బరువైన చక్రాలన్నీ ఆ ఒక్క లయకే కట్టుబడి తిరుగుతాయి. భజన బృందంలో తాళం తప్పబోయినవాణ్ణి తక్కినవారు ఈడ్చుకొని రావడం చూచే ఉంటారు. ఆ చక్రాలదీ అదే పద్ధతి. ఒకటి జారబోతే తక్కినవి తమ జడత్వంతో కొంతసేపు లయను నిలబెడతాయి.

ఇక్కడొక పిడకలవేట. 1990లలో మన దక్షిణాది గ్రిడ్ 48 హెర్ట్జ్ దగ్గర దేకుతూ నడవడం మామూలు సంగతి. 2003 జనవరిలో ఇక్కడ కొత్త టారిఫ్ పద్ధతి అమలులోకి వచ్చి, లయ చెడగొట్టినవారి జేబుకు చిల్లుపడడం మొదలైన తరువాత గాని పరిస్థితి చక్కబడలేదు. 2012 జూలై 30న ఉత్తరాది, ఆ మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాలు కలిసి చీకట్లో మునిగినప్పుడు తెలుగునాట దీపాలు వెలుగుతూనే ఉన్నవి. దక్షిణాది గ్రిడ్ అప్పటికి ఆ లయలో కలవలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో కలిసింది. అప్పటినుంచి మా ఇంటి పంకాకూ కాశ్మీరు ఇంటి దీపానికీ లయ ఒక్కటే. ఇదంతా ఎందుకు చెప్పానంటే, మనం ఒకప్పుడు రోజూ చవిచూచిన 48.8 హెర్ట్జ్ అనే అంకె, బ్రిటన్‌లో ఒక సాయంత్రం పదిలక్షలకు మించిన వినియోగదారులకు కరెంటు లేకుండా చేసింది. ఆ కథకు కావలసిన సరంజామా ఇంకా కొంత ఉన్నది.

అనంతపురం జిల్లా రామగిరి కొండలమీద 1990లలో నిలిపిన గాలిమరలను మీలో కొందరు చూచి ఉంటారు. ఆ తరం యంత్రాలలో చాలావాటి అమరిక సరళమైనది. రెక్క తిరుగుతుంది, గేర్లద్వారా జనరేటరు తిరుగుతుంది, అది నేరుగా తీగకు తగులుకొని ఉంటుంది. గ్రిడ్‌లో అలజడి పుడితే గాలిమర తప్పుకోవడమే మర్యాద. పెళ్లికి చుట్టపుచూపుగా వచ్చినవాడు పందిట్లో గొడవ చూచి చెప్పకుండా వెళ్లిపోతే ఎవరూ పట్టించుకోరు. కన్యాదాత వెళ్లిపోతే? నడిసముద్రంలో ఒకేచోట వెయ్యి మెగావాట్లు పుట్టించే గాలిమరల క్షేత్రం ఈనాడు కన్యాదాత స్థానంలో ఉన్నది. ఎంత గొడవ జరిగినా పీటమీదనుంచి లేవకూడదు.

చిక్కేమిటంటే, ఇప్పటి సముద్రపు గాలిమరలో రెక్క తిరిగే వేగానికీ గ్రిడ్ లయకూ నేరుగా సంబంధమే లేదు. రెక్క గాలి వాటాన్నిబట్టి తిరుగుతుంది. అలా పుట్టిన విద్యుత్తును మొదట ఏకముఖంగా మార్చి, దానిని మళ్లీ 50 హెర్ట్జ్ ఏకాంతర విద్యుత్తుగా మలిచి తీగలోకి వదులుతారు. ఈ మలిచే పని కన్వర్టరుది. కన్వర్టరు ఏ క్షణాన ఏం చేయాలో చెప్పేది సాఫ్ట్‌వేరు. కనుక గ్రిడ్‌కు ఎదురుగా నిలబడేది వందల టన్నుల ఇనుము కాదు, ఎవరో ఇంజనీర్లు రాసిన ఆజ్ఞల వరుస. ఇనుము ఎలా ప్రవర్తిస్తుందో న్యూటన్ ఎప్పుడో చెప్పాడు. ఈ ఆజ్ఞలు ఎలా ప్రవర్తిస్తాయో వాటిని రాసినవారే చెప్పాలి. వారు చెప్పరు. ఈ మాట తరువాత వివరిస్తాను.

గ్రిడ్‌కు తగులుకోదలచినవారంతా పాటించవలసిన నిబంధనావళిని గ్రిడ్ కోడ్ అంటారు. బ్రిటన్ వారిది మా శిష్యుడు పంపితే కొన్ని పుటలు చదివాను. అందులోని భాష నాకు నచ్చింది. అంతా విధ్యర్థకం. ఉండవలెను, ఇవ్వవలెను, మానవలెను. బహుళం ఎక్కడా కానరాదు. ప్రధానమైన లైనుమీద షార్ట్ సర్క్యూట్ జరిగి ఓల్టేజి సున్నాకు పడిపోయినా 140 మిల్లీసెకన్లవరకు గాలిమరలు తీగను వదలకుండా ఉండవలెను. కన్ను మూసి తెరిచేటంత కాలమది. లయ 47.5కు దిగువన, 47 హెర్ట్జ్‌దాకా పడినా 20 సెకన్లు నిలబడవలెను. ఓల్టేజి కుంగుతుంటే రియాక్టివ్ పవర్ అందించవలెను. ఈ రియాక్టివ్ పవర్ అనేదాన్ని మా శిష్యుడు నాకు మూడుసార్లు చెప్పాడు. మూడోసారి నేను చెప్పిన ఉపమానానికి ఒప్పుకొన్నాడు. అది దీపం వెలిగించదు, మోటారు తిప్పదు; ఓల్టేజిని నిలబెట్టడానికి పనికివస్తుంది. పందిరిలో నీడ ఇచ్చేది తాటాకే అయినా, గుంజ లేనిదే తాటాకు నేలమీదే ఉంటుంది కదా. అదీ సంగతి.

ఈ విధులన్నీ ఒక క్షేత్రం పాటిస్తుందని రుజువు చేయడమెలా? పరీక్షకోసం దేశపు గ్రిడ్‌ను షార్ట్ చేయలేరు. ఒక్క గాలిమరనైతే పరీక్షాకేంద్రంలో పెట్టి చూడవచ్చు. వందకు పైగా గాలిమరలు, వాటిని కలిపే కేబుళ్లు, నీటి మధ్య సబ్‌స్టేషన్లు, ఒడ్డుదాకా సముద్రం అడుగున పరిచిన పెద్ద కేబుళ్లు, అన్నీ కలిసి ఏంచేస్తాయో కంప్యూటరులోనే చూడాలి. అక్కడ మా శిష్యుని పని మొదలవుతుంది.

గాలిమరలన్నిటినీ విడివిడిగా లెక్కకడితే తెమలదు కనుక సాధారణంగా వాటిని కలిపి ఒకటి రెండు మహామరలుగా చూపుతారు. ఇది మన సమాసం వంటిది. విభక్తులు లోపిస్తాయి, అర్థం నిలిచి ఉన్నదని నమ్ముతాం. ఆపైన లెక్కకట్టే తీరులో రెండు తెగలు. ఒక తెగ నమూనా విద్యుత్ తరంగాన్ని చూడదు, దాని పరిమాణాన్ని మాత్రం చూస్తుంది. వర్గమధ్యమ మూలం అని లెక్కల పుస్తకాల్లో చదువుకొన్నాం, ఆ విలువ. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఆర్ఎంఎస్ నమూనా. రెండో తెగ ఈఎంటీ నమూనా. తరంగంలోని ప్రతి వంపునూ చూస్తుంది. అందులో ఒక్క సెకనును ఇరవైవేల ముక్కలుగా కోసి లెక్కకట్టడం సామాన్యమట. మొదటిది గణాలు లెక్కపెట్టడం. గణాలూ యతీ సరిపోతే పద్యం సరిపోయిందంటుంది. రెండోది పద్యాన్ని గొంతెత్తి చదవడం. గణాలన్నీ సరిపోయిన పద్యం చదవబోతే నాలుక తట్టుకోవడం పద్యాలు అల్లిన ప్రతివారికీ అనుభవమే. అలాగే కన్వర్టర్లలో క్షణక్షణం జరిగే నియంత్రణ మొదటి తెగ నమూనాలో చాలావరకు సరళమై పోతుంది. రెండో తెగ దానిని పట్టుకొంటుంది గాని గంటలకు గంటలు కాలం తింటుంది. దేశపు గ్రిడ్ మొత్తాన్ని దానిలో కట్టాలంటే తలకు మించిన పని.

ఇక ఆ రోజు సంగతి. 2019 ఆగస్టు 9, శుక్రవారం. వారాంతానికి జనమంతా ఇళ్లకు బయలుదేరే వేళ. సాయంత్రం 4 గంటల 52 నిమిషాలు దాటి 33 సెకన్లకు, లండనుకు ఉత్తరాన ఈటన్ సోకన్ – వైమండ్లీ 400 కిలోవోల్టుల లైనుమీద పిడుగు పడింది. పిడుగు పడడం వింత కాదు. రక్షణ వ్యవస్థ సెకనులో పదోవంతు గడవకముందే లైనును తప్పించింది, ఇరవై సెకన్ల తరువాత మళ్లీ కలిపింది. పాఠ్యపుస్తకంలో రాసుకోదగినంత చక్కగా పనిచేసింది. ఆ పిడుగు నేరుగా ఒక్క ఇంటిని కూడా చీకటి చేయలేదు.

అయితే ఆ కుదుపు అక్కడికి బహుదూరాన ఉన్న హార్న్‌సీ వన్ క్షేత్రానికి తెలిసింది. ఓర్‌స్టెడ్ అనే డేనిష్ కంపెనీ నిర్మిస్తున్న క్షేత్రమది. ఒక్కొక్కటి 7 మెగావాట్ల గాలిమరలు 174, పూర్తయితే 1,218 మెగావాట్లు. కేబుళ్లు ఎంత పొడవంటే, ఒడ్డుకూ క్షేత్రానికీ నడుమ, సముద్రంలోనే, రియాక్టివ్ పవర్‌ను సరిచేయడానికి ప్రత్యేకంగా ఒక కేంద్రం కట్టవలసివచ్చింది. ఆనాటికి నిర్మాణం ముగియకపోయినా 799 మెగావాట్లు పంపుతూ ఉన్నది. కుదుపు తగిలిన వెంటనే అది 62 మెగావాట్లకు పడిపోయింది. అంటే 737 మెగావాట్లు గల్లంతు. ఇంచుమించు అదే క్షణాన లిటిల్ బార్‌ఫోర్డ్ గ్యాస్ కేంద్రంలో ఆవిరి టర్బైను ఆగి మరో 244 పోయాయి. ఊళ్లలో ఇళ్లకప్పులమీద, పొలాల్లో ఉన్న చిన్న ఉత్పత్తిదారులు ఆ కుదుపునూ, ఆ వెంట లయ పడిపోయే వేగాన్నీ చూచి తమ తీగ తెగిందని భ్రమపడి తప్పుకొన్నారు. అలా ఒకసారి 150, మరోసారి 350. అన్నీ కలిపి 1,481 మెగావాట్లు. నిర్వాహకులు ఆపద్ధర్మంగా సిద్ధం చేసి ఉంచుకొన్నది 1,000.

ఆ వెయ్యి రంగంలోకి దిగింది. అందులో 472 మెగావాట్లు బ్యాటరీలవి. లయ 49.1 దగ్గర ఆగి, మెల్లగా పైకి లేవసాగింది. గండం గడిచిందనుకొనేలోపు లిటిల్ బార్‌ఫోర్డ్‌లో గ్యాస్ టర్బైను ఒకటి ఆగింది, మరో 210 మెగావాట్లు. చేతిలో ఇక మిగిలినది లేదు. లయ 48.8కు దిగింది. ఆ అంకె దగ్గర యంత్రాలే వినియోగదారులను కోసివేయడం మొదలుపెడతాయి. సుమారు 11 లక్షల మందికి కరెంటు పోయింది. పిడుగు పడిననాటినుంచి అనబోయాను, నాడూ లేదు పూటా లేదు, అంతా 76 సెకన్ల వ్యవహారం. ఐదు నిమిషాలలోపే లయ 50కి చేరింది, గంటలోపే అందరికీ కరెంటు వచ్చింది.

గాలిమరలు ఎందుకు తప్పుకొన్నవి? గ్రిడ్ కోడ్ 140 మిల్లీసెకన్లపాటు ఓల్టేజి సున్నా అయినా నిలబడమన్నది. ఆ రోజు క్షేత్రానికి తగిలినది అంత పెద్ద దెబ్బ కానే కాదు. ఓల్టేజి కొద్ది శాతం తగ్గింది, అంతే. తగ్గిన ఓల్టేజిని సరిచేయడానికి గాలిమరల నియంత్రణ వ్యవస్థ రియాక్టివ్ పవర్ ఇవ్వబోయింది. ఎక్కువ ఇచ్చింది, సరిదిద్దుకొనబోయి తక్కువ ఇచ్చింది, మళ్లీ ఎక్కువ. కావడి మోసేవారిని చూచినవారికి ఇది తెలుస్తుంది. నడకకూ బద్ద ఊగుకూ పొత్తు కుదిరితే బరువు తెలియదు. పొత్తు చెడితే ప్రతి అడుగూ ఊపును ఇంకా పెంచుతుంది, నాలుగడుగుల్లో బిందెలు నేలపాలు. నేల మెత్తగా ఉంటే మరీ కష్టం. సముద్రపు గాలిమరలు పొడవైన కేబుళ్ల చివర, గట్టి జనరేటర్లకు దూరంగా, అటువంటి మెత్తని నేలమీదే నడవాలి. 50 హెర్ట్జ్‌కు ఎంతో దిగువన ఉండే ఒక మందమైన డోలనం అక్కడ పుట్టింది, అణగవలసినది అణగలేదు. ప్రవాహం హద్దు మీరేసరికి గాలిమరలు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోయాయి. యంత్రం తనకు చెప్పినట్టే చేసింది. చెప్పినది సరిపోలేదు.

నన్ను ఎక్కువగా పట్టిన సంగతి ఇంకొకటి. ఇంచుమించు పది నిమిషాల ముందు ఒక చిన్న ఓల్టేజి మార్పుకు ఆ క్షేత్రంలో ఇటువంటి ఊపే కనిపించిందని తరువాతి నివేదికలలో తేలింది. ఆ ఊపు చిన్నది, దానంతట అదే అణగింది. మరునాడు, ఆగస్టు 10న, నియంత్రణ సాఫ్ట్‌వేరు మార్చారు. అంటే లక్ష్యం తన స్వభావాన్ని ముందే ఒకసారి చూపింది. చూచి సూత్రం దిద్దుకొనడానికి పది నిమిషాలు ఎవరికీ చాలవు, నిజమే. అయినా 799 మెగావాట్లు దేశపు గ్రిడ్‌కు తగిలించిన తరువాత, ఇంకా నిర్మాణదశలో ఉన్నాం అన్న సమాధానం నాకు రుచించదు. టిక్కెట్లు అమ్మి ఆడినదానిని రిహార్సల్ అనకూడదు.

2020 జనవరిలో నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నివేదిక వెలువడింది. హార్న్‌సీ వన్ వారూ, గ్యాస్ కేంద్రం వారూ చెరి 45 లక్షల పౌండ్లు స్వచ్ఛందంగా చెల్లించడానికి ఒప్పుకొన్నారు. డబ్బు మాట అలా ఉంచండి. ఆ నివేదికలో ఒక పరిశీలన ఉన్నది: కొత్త ఉత్పత్తిదారులు నిబంధనలకు లోబడి ఉన్నారా లేదా అనేదానికి గ్రిడ్ నిర్వాహకులు చాలావరకు ఆ ఉత్పత్తిదారుల స్వీయ ధ్రువీకరణమీదే ఆధారపడుతున్నారని. దీనిని పంతులు భాషలో చెబుతాను. విద్యార్థే జవాబులు రాసి, విద్యార్థే దిద్దుకొని, మార్కులు మాత్రం బడివారి రిజిస్టరులో ఎక్కించడం. విద్యార్థి దొంగ అని నేననడం లేదు. బుద్ధిమంతుడైన విద్యార్థికి కూడా తాను చేసిన పొరపాటు కంటికి ఆనదు. పేపరు మరొకరు దిద్దడం ఎందుకు ఏర్పడిందంటే, విద్యార్థులంతా మోసగాళ్లని కాదు.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో గాలిని తిట్టినవారు చాలామంది. గాలి నమ్మదగినది కాదన్నారు. ఆ సాయంత్రం గాలి చక్కగానే వీచింది. వందేళ్ల అనుభవమున్న ఆవిరి టర్బైను కూడా అదే క్షణాన ఆగింది, దాని వేగాన్ని కొలిచే సంకేతాలు ఒకదానితో ఒకటి పొసగక. గాలిదీ కాదు, ఆవిరిదీ కాదు. ప్రతి యంత్రమూ తనకు తెలిసిన చిన్న సూత్రం ప్రకారం తనను కాపాడుకొన్నది. అందరూ తమ తమ శీలం కాపాడుకొన్నారు, పెళ్లి చెడింది.

రైళ్ల కథ వింటే ఇది ఇంకా తేటపడుతుంది. అన్ని గంటల అవస్థ నిజానికి కరెంటు పోయినందువల్ల కాదు. రైలుమార్గాల తీగలలో కరెంటు ఉన్నది. లండను చుట్టుపక్కల నడిచే ఒక కొత్తరకం రైళ్లు, లయ 49కి దిగువకు రాగానే తమ రక్షణకోసం ఆగిపోయాయి. దాదాపు అరవై రైళ్లు. వాటిలో సగాన్ని డ్రైవర్లు మళ్లీ నడపగలిగారు. తక్కిన సగానికి, సాంకేతిక నిపుణుడు లాప్‌టాప్ పట్టుకొని ఒక్కొక్క రైలు దగ్గరకూ వెళ్లవలసివచ్చింది. శుక్రవారం సాయంత్రం, లోపల జనం, ఎదుట పట్టాలు. కింగ్స్‌క్రాస్ స్టేషను గంటలతరబడి స్తంభించింది. వేలమంది ఇళ్లకు చేరని ఆ రాత్రికి కారణం కొన్ని సెకన్లపాటు 49 దాటిన అంకె, దానిని చూచి తలుపు వేసుకోమని రాసిన ఒక ఆజ్ఞ. ఆ రైళ్లకు కూడా ఎక్కడో ఎవరో ధ్రువపత్రం ఇచ్చే ఉంటారు.

ఇప్పుడు మా శిష్యుని దగ్గరకు. ఈ ఘటన తరువాత గ్రిడ్ కోడ్‌కు శేషం రాశారు. జీసీ0141 అనే సవరణ. నమూనాల విషయంలోనూ, పరీక్షల విషయంలోనూ ఉత్పత్తిదారుల బాధ్యత పెంచి, ఈఎంటీ నమూనాలను నిబంధనలోకి తెచ్చింది. నిర్వహణ సంస్థ కూడా 2024 అక్టోబరు 1నుంచి ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చి నీసో అనే పేరుతో నడుస్తున్నది. మంచి మార్పులే. నేనడిగాను: "ఇక నీ పని సులువయ్యిందా నాయనా?" అతడు నవ్వి, సీలువేసిన పెట్టె సంగతి చెప్పాడు.

ఆ సంగతి ఇది. గాలిమర తయారుచేసేవారు తమ నియంత్రణ సాఫ్ట్‌వేరును ఎవరికీ చూపరు. అది వారి వ్యాపారరహస్యం. నమూనా అడిగితే ఇస్తారు గాని, లోపల ఏమున్నదో తెలియకుండా బిగించి ఇస్తారు. ఇటునుంచి ఓల్టేజి ఇస్తే అటునుంచి ప్రవాహం వస్తుంది. నడుమ ఏం జరిగిందో చదివే వీలులేదు. ఒకే సముద్రంలో పక్కపక్కన వేర్వేరు కంపెనీల క్షేత్రాలుంటే, ఒకరి పెట్టెలో ఏముందో ఒకరికి తెలియదు. రెండు పెట్టెలకూ పొత్తు కుదురుతుందా లేదా చూడవలసినవాడు వీడు. "సూత్రం చూపకుండా ఉదాహరణలు మాత్రమే ఇచ్చిన వ్యాకరణం మాష్టారూ" అన్నాడు. వాడు నా విద్యార్థి అని అప్పుడు మురిసిపోయాను, ఒప్పుకొంటాను.

ఆ మురిపెం పక్కన పెడితే, నాకిది అన్యాయంగా తోస్తుంది. తాళపత్రాలు దాచిపెట్టుకొని ఎవరికీ చూపని పండితులను మనం ఎరుగుదుము. వారి విద్య వారితోనే పోయింది, నష్టం విద్యకు. ఇక్కడ నష్టం ఆసుపత్రికీ, రైల్లో ఇరుక్కున్న బాలింతకూ. వ్యాపారరహస్యం నిర్వాహకుని దగ్గర భద్రంగా ఉంచే ఏర్పాటు చేయలేరా అని అడిగాను. చేయాలనే వాదన ఉన్నదట, ఖర్చు ఎవరిదన్న దగ్గర మాట ఆగుతుందట. ఈలోగా నివేదిక చివర వీడు సంతకం చేయాలి. "తయారీదారు ఇచ్చిన నమూనా ప్రకారం" అనే పదబంధం ప్రతి నివేదికలోనూ రాస్తాడట. అది వాడి బహుళం. ఆ పదబంధం లేకుండా సంతకం చేసే రోజు రావాలని వాడి కోరిక. పొరపాటు జరిగితే చట్టం ముందు ఆ మాట వాడిని కాపాడవచ్చు, నిద్రపట్టడానికి మాత్రం అది చాలదంటాడు.

అందుచేత వాడు కనిపెట్టుకొన్న ఉపాయం ఒకటే, అడగని ప్రశ్నలు కూడా అడగడం. నిబంధన కోరిన పెద్ద దెబ్బలే కాక, ఎవరూ కోరని చిన్న చిన్న కుదుపులు కూడా పెట్టి చూస్తాడు. ఒక కేబులు లేనప్పుడు, సగం మరలు ఆగి ఉన్నప్పుడు, గ్రిడ్ మెత్తబడినప్పుడు, గాలి చాలనప్పుడు. పెద్ద దెబ్బను తట్టుకొన్నది చిన్న కుదుపుకు ఊగిపోవచ్చునని 2019 వాడికి నేర్పింది.

మొన్న ఫోనులో మాటల మధ్య చెప్పాడు. ఆరు వారాలుగా చేస్తున్న పరీక్షలు ముగింపుకు వచ్చిన వేళ, తయారీదారునుంచి సీలువేసిన పెట్టె మళ్లీ వచ్చిందట. పైన సంచిక సంఖ్య మారింది, లోపల ఏం మారిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగితే, పెద్ద మార్పులేమీ లేవని జవాబు. "మరి ఏంచేశావు?" అన్నాను. మొదటి పరీక్షనుంచి మళ్లీ మొదలుపెట్టాడట. రాత్రంతా కంప్యూటరు నడుస్తుంది, తెల్లవారి లేచి చూచుకోవాలన్నాడు.